ఆగ్నేయ మూలలో పొయ్యి

మా సూర్యాపేట ఆఫీసులో గోపిక చేరిన రోజు నేను అడిగిన మొదటి మాట నాకింకా గుర్తుంది. "మెకానికల్ ఇంజనీరుకు బిల్డింగుతోని ఏం పనమ్మా? బండ్లు, మోటర్లు సూసుకునేటోళ్లు గద మీరు?" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. "బిల్డింగుల గాలి, నీళ్లు, పొగ ఉంటయి గద సార్. అవన్నీ మా పనే," అని చెప్పి తనకిచ్చిన కుర్చీలో కూర్చుంది.

నా పేరు రామనర్సయ్య. ముప్పై ఏళ్లుగా ఇళ్లకు, ఆసుపత్రులకు, ఫంక్షన్ హాళ్లకు ప్లాన్లు గీస్తున్నాను. మొదట్లో పెన్సిలుతో గీసేవాణ్ణి, ఇప్పుడు కంప్యూటర్ మీద గీస్తున్నాను. ఇంజనీర్లు లెక్క వేస్తే నేను గీత గీస్తాను. నా దగ్గర పని నేర్చుకుని హైదరాబాదులో పెద్ద ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. నాకు ఎంత పొగరు ఉండేదో ముందే తెలిస్తే, తర్వాత నేను చేసిన పని మీకు అర్థమవుతుందని చెబుతున్నాను.

గోపికది మిర్యాలగూడ. తండ్రి పర్వతాలు రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీ. తల్లి పద్మమ్మ పెళ్లి వంటలకు వెళ్లే కూలీ. ఒక్కో వంట మాస్టర్ వెంట పదిమంది ఆడవాళ్లు ఉంటారు. ఉల్లిగడ్డలు కోయడం, పూరీలు ఒత్తడం, నూనె బాండీ ముందు నిలబడి వాటిని తీయడం వాళ్ల పని. పద్మమ్మ పదహారేళ్లు ఆ బాండీ ముందు నిలబడింది. పొగంతా ఆమె ఛాతీలో చేరింది. పెళ్లిళ్ల కాలం అయిపోయినా దగ్గు మాత్రం అయిపోయేది కాదు. తోటి పిల్లలంతా సాఫ్ట్‌వేర్ కోర్సుల్లో చేరుతుంటే గోపిక ఈ పని వెతుక్కుంటూ రావడానికి కారణం ఆ దగ్గే.

అయితే ఈ సంగతులేవీ అప్పుడు మాకు తెలియవు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చిన కాగితంలో తల్లి పని అన్నచోట 'క్యాటరింగ్' అని రాసింది. మేము ఏదో సొంత వ్యాపారం అనుకున్నాం. అనుకోనిచ్చింది.

పని మాత్రం ప్రాణం పెట్టి నేర్చుకుంది. సైటుకు పంపితే మేస్త్రీలతో పాటు నిచ్చెన ఎక్కేది. తెలియనిది పుస్తకంలో చూసేది. పుస్తకంలో ఉంటే నమ్మేది, లేకపోతే నమ్మేది కాదు. అక్కడే మా ఇద్దరికీ చెడింది. ఒక నర్సింగ్ హోమ్ ప్లానులో నేను ఏసీ గొట్టాన్ని పొరపాటున బీమ్ మధ్యలోంచి గీశాను. మా ఆఫీసు యజమాని మహేష్ సార్ ముందే ఆ పిల్ల స్క్రీన్ మీద వేలు పెట్టింది.

"ఇది గిట్లనే పెడితే బీమ్ కోయాల్సి వస్తది సార్."

మహేష్ సార్ నవ్వి, "ఏం రామనర్సయ్యా, ముప్పై ఏండ్ల సర్వీసు ఏడికి పోయింది?" అన్నాడు. ఆయన మరుక్షణమే మరచిపోయాడు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు. తప్పు నాదే అయినా కోపం ఆమె మీదే పెట్టుకున్నాను.

అలా ఏడు నెలలు గడిచాక కోదాడ ఫంక్షన్ హాలు పని వచ్చింది. యజమాని శంకరయ్య సిమెంటు వ్యాపారి. హాలు మొత్తం ఏసీ కావాలన్నాడు. మా దగ్గర ఫంక్షన్ హాళ్ల వంట వెనకాల రేకుల షెడ్డులో జరుగుతుంది. శంకరయ్యకు అది నచ్చలేదు. వంటగదికి నాలుగు వైపులా గోడలు కట్టించాలన్నాడు. "పొగ గానీ, మసాలా వాసన గానీ మండపంలోకి రాకూడదండీ" అన్నాడు.

"గోడలు కడితే పొయ్యిల మీద చిమ్నీ పెట్టాల్సిందే సార్," అంది గోపిక.

ఖర్చు వినగానే ఆయన ముఖం మారింది. "వంటోళ్లకి చిమ్నీ ఏంటండీ? తాతల కాలం నుంచి పొగలోనే వండుతున్నారు కదా. ఆ డబ్బేదో గేటు ముందు ఫౌంటెన్‌కి పెడితే నలుగురూ చూస్తారు."

"పదిమంది ఆడోళ్లు పొద్దుగాల నుంచి ఆ రూములనే నిలవడుతరు సార్. గోడలుండి చిమ్నీ లేకపోతే ఆళ్లకు ఊపిరెట్ల ఆడతది? చిమ్నీ తీసేస్తే ఆ ప్లాన్ మీద నేను సంతకం పెట్టను."

ఏడు నెలల ఉద్యోగి, నెల జీతం మీద హాస్టల్లో ఉంటున్న పిల్ల. మహేష్ సార్ ఆమెను కాసేపు చూసి, ఏమనుకున్నాడో గానీ, శంకరయ్యకు నచ్చజెప్పి ఒప్పించాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు ఆమెను చూస్తే ముచ్చటేసింది. దాన్ని కూడా మనసులోనే దాచుకున్నాను.

చిమ్నీ ప్లాను గీయడం నా వంతు. ఉత్తరపు గోడ వెంట పొయ్యిల వరుస, దాని మీద పొడుగాటి రేకు గొడుగు, అక్కణ్ణుంచి మేడ మీదికి గొట్టం, పైన ఫ్యాను. ఉత్తరం వైపైతే పొగ అతిథులకు కనిపించకుండా వెనక పొలాల మీదికి పోతుంది. పొగను పుట్టిన చోటే పట్టుకోవాలని, గదంతా పరుచుకున్నాక ఎంత ఫ్యాను పెట్టినా అందదని గోపిక నాకు చెప్పింది. లెక్కలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

పొయ్యిలు గీస్తూ నా చెయ్యి ఆగింది. మా వైపు వంట మాస్టర్ ఎవరైనా వంటగదిలో అడుగుపెట్టగానే దిక్కు చూసుకుంటాడు. ఆగ్నేయ మూలలో మొదటి పొయ్యి పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, పాలు పొంగిస్తాడు. మిగతా పొయ్యిలన్నీ దాని పక్కనే వరుసగా చేరతాయి. ఇది ఎవరూ రాసిపెట్టింది కాదు, ఎవరూ తప్పేదీ కాదు. గోపిక చిమ్నీ ఆ మూలకు నలభై అడుగుల దూరంలో ఉంది. శంకరయ్య గేటుకూ మండపానికీ వాస్తు చూపించుకున్నాడు గానీ ఈ గొట్టాల ప్లాను ఆయనకు అర్థం కాదు, చూడడు. గోపికకు తెలిసే దారి లేదు. పద్మమ్మ కూతుర్ని ఒక్కనాడు కూడా పెళ్లి వంటకు తీసుకుపోలేదు. ఆ పొగ తనతోనే ఆగిపోవాలని ఆమె పట్టు.

మాట నా నోటిదాకా వచ్చింది. 'అంత చదువుకున్నదానికి తెలవదా' అనుకుని గీత పూర్తిచేశాను. నేను చేసిన పని ఇదే. మెత్తగా చెప్పుకోవడానికి ఇందులో ఏమీ లేదు.

హాలు కట్టడం పూర్తయ్యాక, వైశాఖంలో అక్కడ మొదటి పెళ్లి పడింది. పొద్దున్నే గోపిక, నేను సూర్యాపేటలో కోదాడ బస్సెక్కాం. ఆ రోజు ఆమె కొత్త చుడీదార్ వేసుకుంది. మునగాల దాటాక ఉన్నట్టుండి చెప్పింది.

"సార్, ఇయ్యాల్టి వంటకు మా అమ్మ గూడ వచ్చింది. మిర్యాలగూడ మాస్టర్ ముఠాల పూరీల కాడ పనిచేస్తది. కాయితంల క్యాటరింగ్ అని రాసిన గద, సిగ్గయి అట్ల రాసిన. ఆ చిమ్నీ నేను పెట్టిచ్చిన్నని అమ్మకు ఇంక చెప్పలే. పొయ్యి కాడికి పోయి సూపెట్టి చెప్త."

అప్పుడైనా నోరు విప్పొచ్చు. మాస్టర్‌కు ఫోన్ చేసి అడగొచ్చు. చిమ్నీ చూసి ఆయనే పొయ్యిలు దాని కింద పెట్టి ఉంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

హాలు చల్లగా ఉంది. మల్లెపూల వాసన, సన్నాయి. పొగ వాసన మచ్చుకైనా లేదు. శంకరయ్య ఎదురొచ్చి "ఏసీ అదిరిందండీ" అన్నాడు. గోపిక ఆగకుండా వెనక్కి నడిచి వంటగది తలుపు తోసింది.

లోపల మనిషికి మనిషి కనిపించడం లేదు. ఉత్తరపు గోడ మీది చిమ్నీలోంచి ఫ్యాను హోరు వినిపిస్తోంది. దాని కింద ఉల్లిగడ్డ బస్తాలు, విస్తరాకుల కట్టలు ఉన్నాయి. పొయ్యిలన్నీ ఆగ్నేయ మూలలో ఉన్నాయి. మూడింటి మీద బగారన్నం గంజులు, కింద కట్టెల మంట. పక్కన గ్యాసు పొయ్యిల మీద నూనె బాండీలు. ఆడవాళ్లు కొంగులు ముక్కులకు కట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ పనిచేస్తున్నారు.

ఒక బాండీ ముందు నుంచి సన్నటి మనిషి ఇటు తిరిగింది. "బిడ్డా! నువ్వెట్లొస్తివి? లోపలికి రాకు, పొగ." ఆమే పద్మమ్మ. కూతురి చూపు చిమ్నీ మీదే ఉండటం చూసి తనూ అటు చూసింది. "సూసినవా? అంత పెద్ద డబ్బా తీస్కపోయి గాడ కట్టిన్రు. ఈ గది కట్టినోడు ఎన్నడన్న పొయ్యి మొఖం సూసిండా? రేకుల షెడ్డే నయముండె. గాలన్న ఒచ్చేది."

"అది నేనే పెట్టిన్నమ్మా," అంది గోపిక.

పద్మమ్మకు వెంటనే అర్థం కాలేదు. కూతుర్ని చూసింది, చిమ్నీని చూసింది. చేతిలో జల్లిగంటె అలాగే ఉండిపోయింది.

"నువ్వా?"

"నేనే."

"నన్నొక్క మాట అడుగకపోతివి బిడ్డా," అంది పద్మమ్మ. అందులో కోపం లేదు. తర్వాత దగ్గు వచ్చింది. దగ్గుతూనే బాండీ వైపు తిరిగి మాడిపోతున్న పూరీలు తీసింది.

గోపిక మాస్టర్ దగ్గరికి పరుగెత్తింది. పొయ్యిలు చిమ్నీ కిందికి జరపమని చేతులు పట్టుకుంది. "అంటుకున్న పొయ్యి కదుపుతరా అమ్మా? మీద మూడు వందల మంది అన్నమున్నది," అన్నాడాయన. ఆయన తప్పూ లేదు. ఇద్దరం కలిసి వెనక తలుపు, సామాన్లు దించే షట్టరు తెరిచాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. కొంచెం గాలి ఆడింది గానీ, గంట తిరగకముందే పద్మమ్మ బాండీ ముందు కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి. ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. మేము గేటు దాటుతుంటే లోపల తలంబ్రాలు పోస్తున్నారు.

మధ్యాహ్నానికి ఊపిరి కాస్త నిలబడింది. ప్రాణానికి భయం లేదని, ఇక జన్మలో పొయ్యి దగ్గరికి పోకూడదని డాక్టర్ చెప్పింది. మేమిద్దరం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. శంకరయ్య ఫోన్ చేశాడు. "మీ డబ్బా దండగండీ. పీకించేస్తున్నాను. గురువారం ఇంకో పెళ్లుంది." గోడలు మాత్రం ఉంటాయన్నాడు. మహేష్ సార్‌కు చేస్తే, "పీకెయ్యనీ అమ్మా, మనకెందుకు పరేషాన్" అన్నాడు. గోపిక ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చిమ్నీ పోయి గోడలు మిగిలితే ఆ గది ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలుసు. ప్రతి ముహూర్తానికీ ఇంకో పద్మమ్మ అక్కడ నిలబడుతుంది.

అప్పుడు చెప్పాను. పొయ్యిలు ఆగ్నేయంలో పెడతారని నాకు గీసేరోజే తెలుసని, బీమ్ సంగతి మనసులో పెట్టుకుని నోరు మూసుకున్నానని చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును.

"నా మీద కోపముంటే నన్ను ఏమన్నా అనొచ్చు గద సార్," అంది మెల్లగా. "ఆ ఆడోళ్లేం చేసిన్రు మీకు?"

ఆ మాట అని లేచి వార్డు తలుపు దగ్గరికి వెళ్లింది.

సాయంత్రం వార్డులోకి పోనిచ్చారు. పద్మమ్మ ముఖానికి ఆవిరి మాస్కు ఉంది. గోపిక మంచం పక్కన కూర్చుని, ప్లాను వేసేరోజే అడగాల్సిన మాట అప్పుడు అడిగింది.

"అమ్మా, పొయ్యిలు ఏడ పెట్టాలె?"

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. ఇంట్లో పదహారేళ్ల అనుభవాన్ని పెట్టుకుని ఆ పిల్ల పుస్తకాలన్నీ తిరగేసింది. పద్మమ్మ మాస్కు కాస్త పక్కకు జరిపింది.

"ఆగ్నేయంల పాలు పొంగిచ్చేది ఒక్క పొయ్యే బిడ్డా. పొంగినంక దాన్నార్పినా ఎవ్వరేమనరు. మిగిలినయి ఏడున్నా దోసం లేదు."

"మరి అన్నీ గాడనే ఎందుకు పెట్టిన్రు?"

"నీళ్ల నల్ల తూర్పు గోడకు పెట్టిన్రు గద. అంతంత గంజులల్లకు నీళ్లు ఎవరు మోస్తరు? నల్ల ఏడుంటే పొయ్యిలు ఆడ. నల్ల చిమ్నీ కిందికి తీస్కపో, పొయ్యిలు అవే పోతయి."

నేను తల వంచుకున్నాను. ముప్పై ఏళ్లు ప్లాన్లు గీసిన నాకు ఆగ్నేయం తెలుసు గానీ ఈ నల్లా సంగతి తెలియదు. ఏ మాస్టరూ చెప్పలేదు. నీళ్లు మోసే ఆడవాళ్లను నేనెప్పుడూ అడగలేదు.

మరునాడు గోపిక మహేష్ సార్‌కు కాగితం రాసిచ్చింది. పొయ్యిల చోటు కనుక్కోకుండా చిమ్నీ పెట్టడం తన తప్పేనని, పీకవద్దని, నల్లా మారిస్తే సరిపోతుందని రాసింది. "గిట్ల రాసిస్తే రేపు మన మీదికే వస్తది, చింపెయ్," అన్నాడాయన. గోపిక చింపలేదు. ఆమె సంతకం కింద, తెలిసీ చెప్పలేదని రాసి నేనూ సంతకం పెట్టాను. ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి శంకరయ్యకు ఫోన్ కలిపాడు. గురువారం ఒక్కరోజు చూసి, పనిచేయకపోతే పీకించేస్తానని శంకరయ్య ఒప్పుకున్నాడు.

బుధవారం ప్లంబర్‌ను పెట్టి పెద్ద నల్లా ఉత్తరపు గోడకు మార్చాం. గురువారం వంట మాస్టర్ వేరే ఊరాయన. మేము ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆగ్నేయంలో చిన్న పొయ్యి పెట్టి పాలు పొంగించాడు. తర్వాత చుట్టూ చూసి, "పెద్ద పొయ్యిలు నల్ల కాడికి పట్టుండ్రి" అన్నాడు. పొగ లేచి నేరుగా చిమ్నీలోకి పోయింది. ఆడవాళ్లు కొంగులు విప్పి మాట్లాడుకుంటూ పూరీలు ఒత్తారు. గోపిక గోడకు ఆనుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

శుక్రవారం పద్మమ్మను దవాఖాన నుంచి పంపించారు. మిర్యాలగూడ బస్సెక్కే ముందు, ఒకసారి ఆ వంటగది చూస్తానంది. పెళ్లి లేదు కాబట్టి గది ఖాళీగా, కడిగి ఉంది. మెల్లగా నడుచుకుంటూ వెళ్లి చిమ్నీ కింద, బాండీ పెట్టేచోట నిలబడింది. గోపిక ఫ్యాను వేసింది. పద్మమ్మ కాసేపు అలాగే తలెత్తి చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. రేకు ఇంకో జానెడు ముందుకు రావాలంది, లేకపోతే వంగి పూరీ తీసేవాళ్ల ముఖానికి ఆవిరి తగులుతుంది. నేల మీద జారకుండా గరుకు బండలు వేయమంది. పిండి ముద్దలు పెట్టుకోవడానికి కుడిచేతి పక్కన గట్టు కావాలంది. గోపిక బ్యాగులోంచి పుస్తకం తీసింది గానీ రాయలేకపోయింది. ఆమె కళ్లు తల్లి మీదే ఉన్నాయి.

"ఏమైంది? రాసుకో."

"నువ్విగ ఈడికి రావు గదమ్మా," అంది గోపిక.

"నేను రాను," అంది పద్మమ్మ. "ఒచ్చేటోళ్ల కోసం రాసుకో."